పక్షవాతం తర్వాత నాన్న గొంతులో ఆప్యాయత పోయింది. మనసు మారిందా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైన సంగతి ఇది. గునుపూరులో ఉంటున్న మీ నాన్నగారికి నాలుగు నెలల కిందట మెదడు కుడి సగంలో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు చాలావరకు తిరిగొచ్చాయి. మాట ముద్దగా లేదు, పదాల కోసం తడుముకోవడం లేదు, కొట్టు లెక్కలు కూడా చెబుతున్నారు. గొంతు మాత్రం గీత గీసినట్టు ఒకే తీరుగా సాగుతోంది. మీరు విశాఖ నుంచి ఫోన్ చేస్తే "ఆ, బానే ఉన్నాను, పెట్టెయ్" అని ఊరుకుంటున్నారు. అమ్మ ఏడుపు గొంతుతో మాట్లాడినా "సరే" అనేస్తున్నారు. "ఆసుపత్రి నుంచి మనిషి ఒచ్చాడు గానీ మా మనిషి రాలేదే" అని అమ్మ ఇరుగుపొరుగు దగ్గర కుమిలిపోతున్నారు. నాన్నకు మా మీద ప్రేమ పోయిందా, మతి చలించిందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు రాసినదాన్ని బట్టి మీ నాన్నగారి ప్రేమ ఉన్నచోటే ఉంది. దాన్ని గొంతులోకి తెచ్చే దారి, మీ గొంతులోంచి దాన్ని అందుకునే దారి దెబ్బతిన్నట్టు కనిపిస్తోంది. వైద్యంలో దీన్ని అప్రోసోడియా అంటారు. కుడి మెదడుకు స్ట్రోక్ వచ్చినవాళ్లలో ఇది అరుదేమీ కాదు. కొంతమందిలో నెలల మీద దానంతటదే తగ్గుతుంది, కొంతమందికి సాధన కావాలి, కొంతమందిలో కొంత మిగిలిపోతుంది. ఏది జరిగినా ఇంటివాళ్లు మాట్లాడే పద్ధతి ఇవాళ్టి నుంచే మార్చుకోవచ్చు, దాని ఫలితం వారం పది రోజుల్లోనే కనపడుతుంది.

నేను బరంపురంలో ఇరవై మూడేళ్లుగా స్పీచ్ థెరపీ చేస్తున్నాను. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి వస్తారు. సగంమందితో తెలుగు, మిగతావాళ్లతో ఒడియా. ఎడమ మెదడుకు దెబ్బ తగిలి మాట పడిపోయినవాళ్లను ఇంటివాళ్లు వెంటనే తీసుకొస్తారు. మీ నాన్నగారిలాంటివాళ్లను ఎవరూ తీసుకురారు. "మాట బాగానే ఉంది కదా" అనుకుంటారు. చేతికి ఫిజియోథెరపీ చేయించడానికి వచ్చినప్పుడు, బయట బల్ల మీద భార్య కళ్లు తుడుచుకుంటూ కూర్చుంటే అప్పుడు నా కంటపడతారు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మాటలో పదాలు ఒక ఎత్తు, ఆ పదాలు ఎక్కి వచ్చే రాగం ఇంకో ఎత్తు. "ఒచ్చావా" అన్న ఒక్క మాట తీసుకోండి. కొడుకు బస్సు దిగి గుమ్మంలోకి వస్తే తల్లి అనే "ఒచ్చావా", రాత్రి పదకొండింటికి తలుపు తీస్తూ తండ్రి అనే "ఒచ్చావా", మళ్లీ అప్పుకొచ్చినవాణ్ణి చూసి కొట్టువాడు అనే "ఒచ్చావా". అక్షరాలు అవే. మన పాతవాళ్లు దీన్ని కాకువు అన్నారు. భరతుడి నాట్యశాస్త్రం దాన్ని నటుడు నేర్వాల్సిన విద్యల్లో చేర్చి వివరించింది. మన సరిహద్దు తెలుగులో ఈ రాగం పాలు మరీ ఎక్కువ. "రాయే", "తినేసి ఎల్లవే", "ఏటే అమ్మీ" అన్న మాటల్లో గారాబమంతా చివరి అక్షరం సాగదీయడంలోనే ఉంటుంది. ఆ సాగదీత తీసేస్తే మిగిలేది ఆజ్ఞ. మీ నాన్నగారి "పెట్టెయ్" మీకు ముల్లులా గుచ్చుకోవడానికి కారణం ఇదే. అదే మాట ఐదు నెలల కిందట ఆయన అని ఉంటే, "బిల్లు అవుతుంది, జాగ్రత్త, మళ్లీ చెయ్యి" అన్నవన్నీ అందులోనే మీకు వినపడేవి.

ఇప్పుడు మెదడు సంగతి. చెవిలోంచి వెళ్లే శబ్దం రెండు కణతల లోపలున్న వినికిడి భాగాలకూ చేరుతుంది. ఆ రెండింటికీ పనితనంలో తేడా ఉంది. క, ట, ప లాంటి హల్లుల మధ్య తేడా సెకనులో కొన్ని వందోవంతుల్లో అయిపోతుంది, అంత చురుకైన మార్పులను పట్టడంలో ఎడమవైపు నేర్పరి. గొంతు ఎక్కడ లేచింది, ఎక్కడ దిగింది, ఎంతసేపు సాగింది అన్నది నెమ్మదిగా నడిచే వ్యవహారం, స్వరంలోని సన్న తేడాలు తెలియాలి. అందులో కుడివైపుది పైచేయి. రాగం మొత్తం కుడివైపుదే, పదాలు మొత్తం ఎడమవైపువే అని గీత గీయకండి, రెండు సగాలూ రెండూ వింటాయి. రాగంలోంచి కోపమా, జాలా, ఆటపట్టించడమా అని భావాన్ని చదివే చోటికి వచ్చేసరికి కుడివైపు మీద బరువు ఎక్కువ పడుతుంది.

దీన్ని చాలా దగ్గరగా చూసిన పరిశోధన ఒకటుంది. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ చాంగ్ బృందం పదిమంది మూర్ఛ రోగుల మీద చేసింది. శస్త్రచికిత్సకు ముందు మూర్ఛ ఎక్కణ్ణుంచి మొదలవుతోందో కనుక్కోవడానికి వాళ్ల మెదడు పైపొర మీద అప్పటికే ఎలక్ట్రోడ్లు పెట్టి ఉన్నారు. వాళ్లకు కొన్ని వాక్యాలు వినిపించారు. అవే వాక్యాలు మూడు గొంతుల్లో, నాలుగు రాగాల్లో: మామూలుగా, ప్రశ్నగా, మొదటి మాట మీద ఒత్తుతో, మధ్య మాట మీద ఒత్తుతో. మెదడు పైపొరలో కొన్ని చోట్లు రాగం మారినప్పుడే స్పందించాయి, పదాలేవైనా, గొంతు ఎవరిదైనా వాటికి పట్టలేదు. ఆ పక్కనే ఉన్న చోట్లు అక్షరాల శబ్దాలను పట్టుకున్నాయి, రాగంతో వాటికి పని లేదు. ఇంకొన్ని మాట్లాడేది ఎవరన్నది చూసుకున్నాయి. ఒకే వాక్యాన్ని పక్కపక్కనున్న మూడు చోట్లు మూడు రకాలుగా వింటున్నాయన్నమాట. రాగాన్ని పట్టే చోట్లు స్వరం ఎంత ఎత్తులో ఉందన్నది లెక్కపెట్టవు. ఆ మనిషి మామూలు గొంతుకంటే ఎంత లేచింది, ఎంత దిగింది అన్నదే కొలుస్తాయి. మగవాళ్ల గొంతు సుమారు 120 హెర్ట్జ్ (అంటే సెకనుకు 120 కంపనాలు) దగ్గర, ఆడవాళ్లది 200 దగ్గర నడుస్తుంది. అయినా తాత "ఏటీ?" అన్నా మనవరాలు "ఏటీ?" అన్నా మనకు ఒకే ప్రశ్నగా వినపడడం ఈ కొలత వల్లే.

నేను ఈ సంగతి ఇంత వివరంగా చెప్పడానికి ఒక కారణం ఉంది. రాగానికి, పదానికి మెదడులో వేరువేరు చోట్లు ఉంటే, ఒకటి చెడి రెండోది మిగలడం సాధ్యమే. ఇంటివాళ్లు నమ్మలేకపోయేది ఈ ఒక్క విషయాన్నే. "లెక్కలు చెప్పగా లేనిది ముద్దుగా మాట్లాడలేడా?" అంటారు. లేడమ్మా, నిజంగానే లేడు.

1979లో అమెరికాలో ఇలియట్ రాస్, మార్సెల్ మెసులమ్ అనే న్యూరాలజిస్టులు ఇద్దరు రోగుల గురించి రాశారు. ఒకామె బడిపంతులమ్మ. కుడి మెదడుకు స్ట్రోక్ వచ్చి కోలుకుని తిరిగి బడికి వెళ్లింది. పాఠం చెప్పగలదు, పిల్లల్ని అదుపు చేయలేదు. కోపం వచ్చినా గొంతులో కోపం పలకదు, అందుకని పిల్లలు లక్ష్యపెట్టరు. ఇంట్లో తన పిల్లలదీ అదే వరస. చివరికి తనకు కోపంగా ఉందని మాటల్లోనే విడిగా చెప్పుకోవాల్సి వచ్చింది. లోపల కోపం నిండుగా ఉంది, బయటికి పలికే వాయిద్యం పనిచేయలేదు. తర్వాత రాస్ దీన్ని మాట పడిపోయే జబ్బు రకాలతో పోల్చి వర్గీకరించాడు: గొంతులో భావం పలికించలేనివాళ్లు, ఎదుటివారి గొంతులో భావం గ్రహించలేనివాళ్లు, రెండూ పోయినవాళ్లు. మీ నాన్నగారి తీరు చూస్తే మూడో రకానికి దగ్గరగా ఉంది. చూడకుండా గట్టిగా చెప్పను.

దీనికి సరిగ్గా తిరగేసిన మనిషిని నేను చూశాను. పదేళ్ల కిందట మా ఊరి పాత బజారు వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చేది. ఎడమ మెదడుకు స్ట్రోక్, మాట మొత్తం పోయింది. మిగిలినది "అదే" అన్న ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్కతో ఆవిడ సంసారం నడిపింది. కూరలమ్మితో బేరమాడేది: మొదట నిలదీసే "అదే?", తర్వాత మూతి తిప్పి "అదే...", చివరికి ఒప్పందంగా చిన్న "అదే". నన్ను పలకరించేది, కోడల్ని దెప్పేది, మనవణ్ణి లాలించేది, అన్నీ ఆ రెండక్షరాలతోనే. ఆవిడ కుడి మెదడు చెక్కుచెదరలేదు. ఇంటిల్లిపాదీ ఆవిడ చుట్టూనే ఉండేవారు. అదే ఏడాది మీ నాన్నగారిలా పదాలన్నీ ఉండి రాగం పోయిన ఒకాయన వస్తే, ఆయన దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదు. ఆ ఇద్దర్నీ పక్కపక్కన చూశాక, మనిషి మనిషికి అంటుకోవడంలో రాగం వాటా ఎంతో నాకు తెలిసింది.

ఆ రెండో ఆయన పర్లాకిమిడిలో బియ్యం వ్యాపారం చేసేవారు. భార్య అన్నం వడ్డిస్తుంటే "నువ్వు తిన్నావా" అని రోజూ అడిగేవారట, స్ట్రోక్ తర్వాత కూడా మానలేదు. కాని ఆ "తిన్నావా" పోలీసు విచారణలా వినపడేది. ఆవిడ మూడు వారాలు సరిగ్గా తినలేదు, చిక్కిపోయింది. వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టి ఆయన్ని "మీరు ఎందుకలా అడుగుతారు?" అన్నాను. అదే రాయిలాంటి గొంతుతో "నాకు జబ్బు చేసిన కాణ్ణుంచి ఆవిడ తిండి మానేసింది, నాకు బెంగగా ఉంది" అన్నారు. గొంతులో ఒక్క చుక్క తడి లేదు. ఆవిడ మాత్రం ఆ మాట విని బావురుమంది. ఆ రోజు నుంచి వాళ్లకు నేను చెప్పింది ఒకటే: ఆయన అడగదలచినప్పుడల్లా "నాకు బెంగగా ఉంది, తిన్నావా" అనాలి. ఆ "బెంగగా ఉంది" అన్నది రాగం చేయాల్సిన పనిని పదంతో చేయిస్తుంది.

నా తప్పు ఒకటి కూడా చెప్పాలి, మీకు పనికొస్తుంది. వృత్తిలోకి వచ్చిన మూడో ఏడు, ఇలాంటి ఒక మనిషిని చూసి దిగులు జబ్బు (డిప్రెషన్) అనుకున్నాను. మొహంలో కదలిక లేదు, గొంతు చప్పగా ఉంది. మానసిక వైద్యుడి దగ్గరికి పంపించి నా పని అయిపోయిందనుకున్నాను. ఆరు నెలల తర్వాత ఆయన కొడుకు వచ్చి, మందులు వాడుతున్నా గొంతు అలాగే ఉందని చెప్పాడు. అప్పుడు కూర్చోబెట్టి అడిగితే, పొద్దున్నే లేచి దేవుడికి దణ్ణం పెట్టుకుంటానని, మనవరాలి ఆటలు చూస్తుంటే ఆనందంగా ఉంటుందని, నిద్ర బాగా పడుతోందని చెప్పారు. నేను గొంతు విని మనసు మీద తీర్పు చెప్పేశాను. వైద్యం నేర్చుకున్న నాకే ఆ పొరపాటు జరిగితే, ప్రేమించే భార్యకు జరగడంలో వింతేముంది? అమ్మగారికి ఇది చెప్పండి.

అలాగని దిగులు లేదని కొట్టిపారేయకూడదు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో సుమారు మూడోవంతు మందికి దిగులు జబ్బు వస్తుంది, దానికి మందులున్నాయి. గొంతును పక్కన పెట్టి మాటల్లోనే అడగండి: నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, దేనిమీదైనా ఆశ ఉందా, బతకాలని లేదు అనిపిస్తోందా. చివరి ప్రశ్న అడగడానికి జంకకండి. అవునంటే ఆ రోజే డాక్టరుకు చూపించండి.

చెవులు కూడా పరీక్ష చేయించండి. వయసుతో వచ్చే చెవుడు ముందుగా సన్నటి, ఎత్తైన శబ్దాలను తినేస్తుంది, అంటే స, త, ఫ లాంటి హల్లులు పోతాయి. అలాంటివాళ్లకు మాట సరిగ్గా అర్థం కాదు, కాని కోప్పడుతున్నారో నవ్వుతున్నారో రాగాన్ని బట్టి తెలిసిపోతుంది. మీ నాన్నగారిది దానికి ఎదురు: పదం అందుతోంది, రాగం అందటం లేదు. అందుకే నాకు చెవి మీదకంటే మెదడు మీదే అనుమానం ఎక్కువ. అయినా ఆడియోమెట్రీ చేయించకుండా తేల్చకూడదు. గతంలో క్షయకు స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు వాడి ఉంటే అది కూడా చెప్పండి, అవి చెవిని దెబ్బతీస్తాయి. మన పర్లాకిమిడి గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష కోసం మన్యంలో తిరిగి, మలేరియాకు వాడిన క్వినైన్ వల్లే వినికిడి పోగొట్టుకున్నారు. వాడుక మాట కోసం జీవితమంతా పోట్లాడిన మనిషికి ఆ మాట సరిగ్గా వినపడకపోవడం తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇంకొకటి: కంచంలో ఎడమవైపు అన్నం వదిలేస్తున్నారా, ఎడమవైపు నుంచి పిలిస్తే పలకటం లేదా చూడండి. కుడి మెదడు దెబ్బకు ఎడమ పక్క ఉన్నదే గుర్తుకు రాకుండా పోతుంది కొందరికి. అమ్మగారు రోజూ ఆయనకు ఎడమవైపు కూర్చుని ఏడుస్తూ ఉంటే, పట్టించుకోవటం లేదనిపించడానికి అదొక్కటే చాలు. కొన్నాళ్లు కుడివైపు కూర్చుని మాట్లాడమనండి. ఇక, గొంతు మార్పుగానీ, మూతి వంకరగానీ, చెయ్యి జారిపోవడంగానీ ఉన్నట్టుండి కొత్తగా వస్తే, సాధన మాట తర్వాత, వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే వ్యవధి.

ఇంట్లోనే చిన్న పరీక్ష చేయవచ్చు. "బస్సు ఒచ్చింది" లాంటి ఏ భావమూ లేని వాక్యం తీసుకోండి. ఆయన మీ మొహం చూడకుండా వెనక నిలబడి, సంతోషంగా ఒకసారి, కోపంగా ఒకసారి, భయంగా, ప్రశ్నగా, ఏడుపుగా చెప్పండి. ఒక్కోసారి "ఇప్పుడు నేను ఎలా ఉన్నాను?" అని అడగండి. తర్వాత అదే రాగంలో తిరిగి చెప్పమనండి. ఆఖరికి ఆయనంతట ఆయన్ని కోపంగా చెప్పమనండి. గ్రహించడం, అనుకరించడం, సొంతంగా పలకడం, ఈ మూడింట్లో ఏది పోయిందో తెలిస్తే థెరపిస్టుకు సగం దారి సుగమం. ఒక జాగ్రత్త: మన ఇంటి యాసలోనే చెప్పండి. ఒకసారి కాశీనగర్ వైపు రైతు ఒకాయనకు పుస్తకం తెలుగులో రికార్డు చేసిన వాక్యాలు వినిపిస్తే దాదాపు అన్నీ తప్పాయి. అవే మనవరాలి చేత "బాబూ, అన్నం తినీసినావా" అని వాళ్ల ఊరి మాటల్లో చెప్పిస్తే సగానికి పైగా సరిగ్గా చెప్పారు. రాగం కూడా మాతృభాషే. పరాయి రాగంతో పరీక్ష పెట్టి జబ్బు ఎక్కువ ఉందని రాసేస్తే ఆ మనిషికి అన్యాయం.

ఇప్పుడు ఫోన్ సంగతి, మీకు దీని గురించే ఎక్కువ బాధ ఉన్నట్టుంది. పాత పద్ధతి ఫోన్ లైను 300 హెర్ట్జ్‌కి కిందున్న శబ్దాన్ని దాదాపుగా పంపించదు. మనుషుల గొంతు మూలస్వరం, అంటే గొంతు ఎత్తును తేల్చే అడుగు స్వరం, దాదాపు అందరిదీ అంతకంటే కిందే. అంటే అలాంటి ఫోన్లో మీ అసలు స్వరం నాన్నగారికి సరిగ్గా చేరదు. పైన మిగిలిన స్వరాలను బట్టి ఆ లేని స్వరాన్ని మెదడే అల్లుకుంటుంది. మనకు తేడా తెలియనంత చక్కగా అల్లుతుంది. 1988లో మాంట్రియల్‌లో రాబర్ట్ జటోర్రె చూపించినదేమిటంటే, కుడి కణత లోపలి వినికిడి భాగం తీసేసినవాళ్లకు ఈ అల్లిక కష్టమవుతుంది. మొహమూ కనపడదు, స్వరమూ అల్లుకోలేరు. ఆయనకు మీ ఫోన్ పొడి పదాల మూట. కాబట్టి వీడియో కాల్ చేయండి, మొహం బాగా కనపడేటట్టు వెలుతురులో కూర్చోండి. కుదరకపోతే భావాన్ని పదంగా చెప్పండి: "నాన్నా, నాకు మీరు గుర్తొచ్చి ఏడుపొస్తోంది. నేను ఏడుస్తున్నాను." మనవాళ్లకు ఇలా చెప్పుకోవడం సిగ్గు. ఇన్నేళ్లూ గొంతు చూసుకునేది ఆ పని. ఆ సిగ్గు కొన్నాళ్లు పక్కన పెట్టండి.

వెటకారం పూర్తిగా మానేయండి. ఎత్తిపొడుపంతా రాగంలోనే ఉంటుంది, పదాలు పొగడ్తలు. నీళ్లచెంబు తన్నేసినప్పుడు "ఆహా, భలే పని చేశారు" అంటే ఆయన నిజంగా మెచ్చుకున్నారనుకుంటారు. నవ్వుతారు కూడా. అది చూసి ఇంటివాళ్లకు ఒళ్లు మండుతుంది. "నీళ్లు ఒలికాయి, నాకు విసుగొచ్చింది" అని చెబితే ఇద్దరికీ సులువు.

అలాగే గొంతు పెంచవద్దు. అర్థం కావటం లేదని గట్టిగా అరుస్తారు చాలామంది. కోపపు గొంతును మెదడు ప్రత్యేకంగా పట్టుకుంటుంది. 2005లో జెనీవా పరిశోధకులు ఒక చెవిలో మామూలు గొంతు, రెండో చెవిలో కోపపు గొంతు వినిపించి, కోపం ఉన్న చెవి మీద దృష్టి పెట్టవద్దన్నా మెదడు దానికి ఎక్కువగా స్పందించిందని చూపించారు. 2013లో అమెరికాలోని ఆరెగన్‌లో నిద్రపోతున్న ఆరు నుంచి పన్నెండు నెలల పసిపిల్లల మెదళ్లను స్కాన్ చేస్తే, తల్లిదండ్రులు తరచూ పోట్లాడుకునే ఇళ్ల పిల్లల్లో కోపపు గొంతుకు స్పందన మరింత ఎక్కువగా కనిపించింది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో, కోపమా సంతోషమా అని అడిగితే చెప్పలేని మనిషి కూడా కొడుకు గద్దించగానే భుజాలు ముడుచుకోవడం ఎన్నోసార్లు చూశాను. పేరు పెట్టలేకపోయినా ఆ దెబ్బ ఎక్కడో తగులుతుందని నా నమ్మకం.

మీరు ఇంకో ప్రశ్న కూడా వేశారు: "మాటలో 93 శాతం గొంతు, హావభావాలేనట, పదాలు 7 శాతమేనట. అయితే పదాలతో చెప్పి ఏం లాభం?" ఈ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చాయి. అక్కడ పరీక్షించింది ఇష్టాయిష్టాల గురించి, అదీ పదమూ గొంతూ ఒకదానికొకటి పొసగనప్పుడు, చాలావరకు విడివిడి పదాలతో. మాటలన్నిటికీ ఆ లెక్క వర్తించదని ఆయనే చెప్పాడు. వ్యక్తిత్వ వికాస తరగతుల్లో దాన్ని ప్రతిదానికీ అంటగట్టేశారు. మీ ఇంట్లో ఇప్పుడు పదమే పెద్ద దిక్కు, దాన్ని గట్టిగా వాడుకోండి.

ఇక సాధన. రెండు పద్ధతులున్నాయి. ఒకటి అనుకరణ: మొదట థెరపిస్టు, రోగి కలిసి ఒకే రాగంలో వాక్యం చెబుతారు, తర్వాత థెరపిస్టు చెప్పాక రోగి ఒక్కడే, ఆపైన ఏ ఆసరా లేకుండా. రెండోది గుర్తులతో: కార్డు మీద "కోపం" అని, "గొంతు గట్టిగా, వేగంగా, ఒత్తి" అని రాసి, మొహం బొమ్మ కూడా ఇస్తారు, ఒక్కొక్కటే తీసేస్తూ వస్తారు. ఫ్లోరిడాలో రోజెన్‌బెక్ బృందం రెండింటినీ పరీక్షించి రెండింటితోనూ మెరుగుదల ఉందని రాసింది. చేసింది కొద్దిమంది మీదే, కాబట్టి నేను పెద్ద హామీలు ఇవ్వను. నా అనుభవంలో గొంతు పలికించడం త్వరగా వస్తుంది, ఎదుటివారి గొంతు చదవడం ఆలస్యం. రోజుకు రెండుసార్లు పావుగంట చొప్పున, అలసిపోకముందే ఆపేయాలి. మనవడితో చేయిస్తే ఇంకా మంచిది, పిల్లలకు అది ఆటలా ఉంటుంది, పెద్దాయనకు చిన్నతనంగా ఉండదు.

బరంపురం గానీ విశాఖ గానీ, మీకు ఏది వీలైతే అక్కడ న్యూరాలజిస్టుకూ స్పీచ్ థెరపిస్టుకూ ఒకసారి చూపించండి. ఎం.ఆర్.ఐ. ఫిల్ములు, డిశ్చార్జి కాగితం ఎలాగూ తెస్తారు. వాటితోపాటు స్ట్రోక్‌కు ముందు ఆయన గొంతు ఉన్నవి ఏవైనా వెతికి తీసుకెళ్లండి: వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజీ, మీ పెళ్లి వీడియోలో ఆయన ఎవర్నో పిలుస్తున్న ముక్క, ఏదైనా సరే. ఆయన గొంతు మొదట్నుంచీ చప్పగా ఉండేదో, నిజంగా ఎంత పడిపోయిందో మాకు తెలిసేది దాంతోనే. సాధన మొదలయ్యాక ఆయన అనుకరించాల్సింది కూడా నా గొంతును కాదు, ఆ పాత గొంతునే. పోయిన ఏడాది ఒకాయనకు అలాంటి పాత మెసేజీ వినిపిస్తే రెండోసారి పెట్టమన్నారు, మూడోసారి దానితో కలిసి "అమ్మీ, ఎప్పుడొస్తావే" అన్నారు. చివరి "వే" కొంచెం సాగింది. వాళ్ల అమ్మాయి నా పక్కనే కూర్చుని ఉంది.